ఖాళీ జ్యూస్ డబ్బా ఏ కుప్పలో వేయాలి?

పోయిన రంజాన్‌లో మన మస్జిదులో ఇఫ్తార్‌కు కూర్చున్నవారు రోజుకు సుమారు డెబ్బై మంది. మార్కెట్ యార్డు హమాలీలు, బస్సు దిగిన ప్రయాణికులు, గదులు తీసుకుని చదువుకునే కుర్రాళ్లు. ఇంటికి వెళ్లి రోజా విప్పే వీలు లేనివారి కోసమే ఆ ఏర్పాటు అని మీకు తెలుసు. ఖర్జూరం, అరటిపండు, సమోసాలకు తోడు ఈసారి ఒక దాత తన తల్లిగారి పేరు మీద మనిషికొక పండ్ల రసం డబ్బా ఇప్పించారు. పది రూపాయల చిన్న డబ్బా, పక్కనే గొట్టం. నెల రోజుల్లో 2,100 డబ్బాలు.

నేను బడిపంతులును కదా, ఊరుకోలేక ఒక సలహా ఇచ్చాను. "డబ్బా మీద బాణాల గుర్తు ఉంది చూడండి. అంటే ఇది మళ్లీ పనికొచ్చేదే. ఒక్కటీ పారేయొద్దు. పోగేసి పండుగ తర్వాత అమ్ముదాం, వచ్చిన పైసలు పిల్లల నోటుబుక్కుల నిధిలో వేద్దాం" అని వాలంటీర్ పిల్లలకు గట్టిగా చెప్పాను. పిల్లలు మాట నిలబెట్టుకున్నారు. మూడు పెద్ద గోనె సంచులు నిండాయి. ఈద్ అయిన నాలుగో రోజు ఆటోలో వేసుకుని పాత సామాను కొనే దుకాణానికి పోయాం. దుకాణం భాయ్ ఒక డబ్బా తీసి చింపి, లోపల మెరుస్తున్న పొర నాకు చూపించి నవ్వాడు.

"మాస్టర్ సాబ్, ఇది అట్ట గాదు, ప్లాస్టిక్ గాదు, రేకు గాదు. ఏ కుప్పల ఎయ్యమంటరు? అట్టలల్ల కలిపితే మిల్లోళ్లు లోడంతా వాపస్ జేస్తరు. ఊకె ఇచ్చినా నాకొద్దు."

ఇంకో రెండు దుకాణాలు తిరిగాం. అదే మాట. సంచులు మా ఇంటి వరండాకు చేరాయి. అడుగున మిగిలిన తీపికి రెండో రోజే చీమలు పట్టాయి. మా ఇంట్లో ఏమన్నదో ఇక్కడ రాయను. సావనీరుకు ఏదైనా రాయమని సొసైటీ పెద్దలు అడిగినప్పుడు, ఆ మూడు సంచుల గురించే రాస్తానన్నాను. అందులో ఏముందో, దాన్ని ఎందుకు ఎవరూ కొనలేదో, ఏం చేస్తే బాగుండేదో దాతలైన మీకు తెలియాలి. ఎందుకంటే ఆ డబ్బాలు మీ డబ్బుతో కొన్నవి.

ఒక డబ్బాలో ఎన్ని పొరలు

తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక పని చేయించాను. మీరూ ఇంట్లో చేసి చూడవచ్చు. ఖాళీ డబ్బాను కత్తిరించి, ఒక ముక్కను రాత్రంతా నీళ్లలో నానబెట్టాం. పొద్దున్నే గోటితో గీరితే మధ్యలోని అట్ట మెత్తబడి పీచుగా ఊడివచ్చింది. పైన ఒక పల్చని పాలీథిన్ పొర, లోపలివైపు అల్యూమినియం రేకు, దాన్ని అంటుకుని మళ్లీ పాలీథిన్. ఈ రెండింటినీ వేరుచేయడం ఎవరి వల్లా కాలేదు. లెక్కకు ఆరు పొరలు. బరువులో సుమారు 75 శాతం కాగితపు అట్ట, 20 శాతం పాలీథిన్, 5 శాతం అల్యూమినియం. ఆ అల్యూమినియం రేకు మందం మన తల వెంట్రుకలో పదో వంతు ఉంటుందేమో, అంతే.

ప్రతి పొరకూ ఒక పని ఉంది. అట్ట నిలబెడుతుంది. పైనున్న పాలీథిన్ తడి తగలకుండా చూస్తుంది. అల్యూమినియం వెలుతురును, గాలిని లోపలికి రానివ్వదు. లోపలి పాలీథిన్ రసాన్ని రేకుకు తగలకుండా ఆపుతుంది. పాలనైతే 135 డిగ్రీలు దాటించి కొన్ని క్షణాలు కాచి, వెంటనే చల్లార్చి, ముందే శుద్ధి చేసిన డబ్బాలో గాలి తగలకుండా నింపుతారు. అందుకే ఫ్రిజ్ లేకున్నా ఆ పాలు నెలల తరబడి విరగవు.

దీన్ని కనిపెట్టినవారు స్వీడన్ దేశస్థులు. రూబెన్ రౌసింగ్ అనే ఆయన 1951లో లుండ్ పట్టణంలో టెట్రా ప్యాక్ కంపెనీ పెట్టారు. మొదటి ప్యాకెట్ ఇప్పటిలా ఇటుక ఆకారంలో లేదు. నాలుగు త్రిభుజాల ముఖాలున్న టెట్రాహెడ్రన్, కంపెనీ పేరు దాని నుంచే వచ్చింది. రేఖాగణితం పాఠంలో ఆ ఆకారం చెప్పేటప్పుడు నేను సమోసాను చూపిస్తుంటాను, పిల్లలు ఇక మరిచిపోరు. మన దేశంలో 1985లో ఫ్రూటీ వచ్చాక ఈ డబ్బా అందరికీ తెలిసింది. అప్పట్లో అది మాకు గొప్పింటి వస్తువు. తాగేశాక డబ్బాను నేలమీద పెట్టి కాలితో తొక్కి టప్పున పేల్చడం మా ఆట.

ఈ డబ్బా చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అమ్రాబాద్ అడవుల్లోని చెంచు పెంటకు పాలు పంపాలంటే ఇంతకంటే మంచి మార్గం నాకు తోచదు. కరెంటు నమ్మకం లేనిచోట, దారి లేనిచోట, గర్భిణికి గ్లాసెడు పాలు విరగకుండా చేరితే ఆ ఆరు పొరలకూ అర్థముంది. నల్లగొండ నడిబొడ్డున, పక్కనే నిమ్మకాయల బండి ఉన్నచోట, అరనిమిషంలో తాగేసే తీపి నీళ్లకు ఆరు పొరలు ఎందుకన్నదే నా ప్రశ్న.

దాని చుట్టాలు

జ్యూస్ డబ్బాకు మన ఇంటినిండా చుట్టాలున్నారు. రెండు మూడు రకాల పదార్థాలను విడదీయరాకుండా అతికించిన ప్రతి వస్తువూ ఆ కుటుంబమే. చిప్స్ ప్యాకెట్ లోపల మెరిసేది రేకు కూడా కాదు, అల్యూమినియాన్ని ఆవిరి చేసి ప్లాస్టిక్ పొర మీద పట్టించిన పూత. షాంపూ సాచెట్, టీ పొడి ప్యాకెట్, మసాలా ప్యాకెట్, టూత్‌పేస్ట్ ట్యూబు అన్నీ పొరల మీద పొరలే. మందుబిళ్లల స్ట్రిప్పులో ఒకవైపు ప్లాస్టిక్, మరోవైపు రేకు. నమాజు తర్వాత చాయ్ తాగే కాగితం కప్పును మనం కాగితమే అనుకుంటాం. లోపల పాలీథిన్ పూత లేకపోతే వేడి చాయ్‌కి అది నిమిషంలో నానిపోతుంది. దావత్‌లలో వాడే వెండిరంగు పేపరు ప్లేటు కూడా అంతే.

షాంపూ సాచెట్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఇది మన పొరుగున తమిళనాడులోని కడలూరులో పుట్టింది. చిన్ని కృష్ణన్ అనే ఆయన పెద్ద సీసా కొనలేని కూలివాళ్లు కూడా వాడుకోవాలని చిన్న ప్యాకెట్లలో పెట్టి అమ్మాలనుకున్నారు. ఆయన కుమారులు దాన్ని దేశమంతా పాకించారు. ఆలోచనలో తప్పు లేదు, పేదవాడికి అందుబాటు దొరికింది. ఖాళీ సాచెట్ ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఆనాడు ఎవరికీ తట్టలేదు. పాలమూరు నుంచి వలసపోయే కూలీల గుడిసెల చుట్టూ, బోరింగుల దగ్గర, చెరువు కట్టల మీద ఇవాళ కనిపించేవి అవే.

వీటిని గుర్తుపట్టడం నాకు నేర్పింది మా బడిలో ఏడో తరగతి పిల్లవాడు. వాళ్లమ్మ చెత్త ఏరి అమ్ముతుంది. సెలవు రోజుల్లో వీడూ సాయం పోతాడు, అప్పుడప్పుడు సెలవు కాని రోజుల్లో కూడా. వరండాలో సంచులు చూసి నవ్వి, "సార్, ఇవి ఎవ్వలు తీస్కోరు. మస్తు తేలిక, సంచి నిండినా పైసలు రావు" అన్నాడు. మరి కవర్లలో ఏది తీసుకుంటారో ఎలా తెలుస్తుందంటే, వాడు రెండు కవర్లు చేతిలో నలిపి నా చెవి దగ్గర పెట్టాడు. పాల కవర్ మెత్తగా నలిగింది, చప్పుడు లేదు. బిస్కెట్ కవర్ గరగరలాడింది. "సప్పుడు రానిది తీస్కుంటరు సార్. గరగర అనేది పారేస్తం."

భౌతికశాస్త్రం చదువుకున్న నాకు ఇది తట్టలేదు. పాల ప్యాకెట్ మొత్తం ఒక్క పాలీథిన్‌తో చేసింది. కడిగి కరిగిస్తే మళ్లీ పాలీథినే వస్తుంది కాబట్టి దానికి బేరం ఉంది. గరగరలాడే కవర్లలో ఎక్కువ భాగం వేరే ప్లాస్టిక్, లేదా పొరలు కలిపినవి. కరిగిస్తే దేనికీ పనికిరాని ముద్ద అవుతుంది. వాడి పరీక్ష వందకు వంద సరైనది కాకపోవచ్చు గానీ దానితోనే వాళ్ల ఇల్లు గడుస్తోంది.

మళ్లీ వాడవచ్చు, కానీ ఎక్కడ

బాణాల గుర్తు అబద్ధం చెప్పలేదు. జ్యూస్ డబ్బాలను నిజంగానే రీసైకిల్ చేస్తారు. పద్ధతి కూడా మా తొమ్మిదో తరగతి వాళ్లు చేసినదే, పెద్ద ఎత్తున. ఇల్లంత పెద్ద గిన్నెలో నీళ్లు పోసి డబ్బాలను వేసి మరతో కలియతిప్పుతారు. అరగంట లోపల అట్ట పీచుగా విడిపోయి నీళ్లలో కలుస్తుంది. ఆ గుజ్జుతో మళ్లీ కాగితం, అట్టపెట్టెలు చేస్తారు. మిగిలిన పాలీథిన్, అల్యూమినియం కలిసిన ముక్కలను ఆరబెట్టి, వేడిచేసి, ప్రెస్సులో నొక్కితే చెక్కలాంటి పలకలు వస్తాయి. వాటితో ఇంటిపైకప్పు రేకులు, బెంచీలు, కుర్చీలు తయారవుతాయి. ముంబైలో "కార్టన్ లే ఆవో, క్లాస్‌రూమ్ బనావో" అనే పేరుతో దుకాణాల్లో ఖాళీ డబ్బాలు సేకరించి, ఆ పలకలతో బడి బెంచీలు చేయించి ఇచ్చారు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు సంతోషం వేసింది, కొంచెం అసూయ కూడా.

అసూయ ఎందుకంటే ఆ పని చేసే మిల్లులు మనకు దూరం. పేరు తెలిసినవాటిలో ఒకటి మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఉంది, మరొకటి ఉత్తరాఖండ్‌లోని ఖటీమాలో. ఇక్కడ లెక్క చూడండి. బడి ప్రయోగశాల త్రాసులో పది ఖాళీ డబ్బాలు తూచితే 70 గ్రాములు వచ్చాయి. అంటే డబ్బాకు 7 గ్రాములు. అందులో అట్ట 5 గ్రాముల పైచిలుకు, అల్యూమినియం గ్రాములో మూడో వంతు. మన 2,100 డబ్బాలు కలిపి 15 కిలోలు కూడా లేవు. పాత అట్టకిచ్చినట్టు కిలోకు పది రూపాయలు ఇచ్చినా 150 రూపాయలు దాటదు, అది మూడు దుకాణాలు తిరిగిన ఆటో కిరాయికి కూడా సరిపోలేదు. టన్ను కావాలంటే లక్షా నలభై వేల డబ్బాలు పోగుకావాలి. అదీ అణచి, కడిగి, ఎండబెట్టి, కట్టలు కట్టినవి.

ముంబైలాంటి మహానగరంలో లక్షా నలభై వేల డబ్బాలు పోగేయడం పెద్ద విషయం కాదు. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో, నారాయణపేటలోనో అవి ఎప్పటికి పోగవుతాయి? పోగయ్యేదాకా ఎక్కడ పెట్టాలి? చీమల సంగతి ఎవరు చూసుకోవాలి? దుకాణం భాయ్ నవ్విన నవ్వులో ఈ లెక్కంతా ఉంది. ఆయన దుర్మార్గుడేమీ కాదు, బేరం తెలిసిన మనిషి.

చట్టం ఏం చెబుతోందని అడగవచ్చు. 2016లో వచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు, రీసైకిల్ చేయలేని పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో మాన్పించాలని చెప్పాయి. రెండేళ్లు నిండే సమయానికి, 2018 మార్చిలో, ఆ వాక్యంలో కొన్ని మాటలు చేర్చారు. రీసైకిల్ కాకపోయినా, కాల్చి వేడి రాబట్టడానికీ మరో ఉపయోగానికీ కూడా పనికిరానిదైతేనే మానాలి అన్నారు. ఏ ప్లాస్టిక్ అయినా మండుతుంది కదా, కాబట్టి మానాల్సింది దాదాపు ఏమీ మిగల్లేదు. 2022 ఫిబ్రవరిలో ఇంకో మార్పు వచ్చింది. ప్యాకెట్ అమ్మిన కంపెనీయే దాన్ని తిరిగి సేకరించే బాధ్యత వహించాలని, రకాన్ని బట్టి ఏటా ఇంత శాతం రీసైకిల్ చేయించాలని లక్ష్యాలు పెట్టారు. ప్లాస్టిక్‌తో పాటు వేరే పదార్థం కూడా ఉన్న పొరల ప్యాకింగుకు 2024-25లో 30 శాతంతో మొదలుపెట్టి 2027-28 నాటికి 60 శాతం. ఇది మంచి అడుగే. అయితే దేవరకొండలో అమ్మిన డబ్బాకు లెక్క దేవరకొండలోనే తేలాలని అందులో లేదు. దేశంలో ఎక్కడ సేకరించినా లెక్క సరిపోతుంది. సులువుగా దొరికేచోటే సేకరిస్తారు, అది సహజం. చిన్న ఊళ్లు మళ్లీ మిగిలిపోతాయి.

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గొట్టాలను నిషేధించారు. అప్పటి నుంచి డబ్బాకు కాగితపు గొట్టం వస్తోంది. గొట్టం మారింది, డబ్బా మారలేదు.

పొగ, బట్టీ

మరి కొనేవాడు లేని చెత్త ఏమవుతోంది? చాలా వరకు కాలుతోంది. మన మస్జిదు వెనక ఖాళీ జాగాలో కూడా ఇఫ్తార్ చెత్తను ఒకటి రెండుసార్లు అంటుపెట్టారు, నేను కళ్లారా చూశాను. తరావీహ్‌కు వచ్చిన ఒక పెద్దాయన దగ్గుతూ బయటికి వెళ్లిపోయారు. దారిలో అడ్డుగా ఉన్న ముల్లును తీసేయడం కూడా సదకాయేనని చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లం మనం. పొరుగువాడి ముక్కులోకి పొగ పంపడం ఏ లెక్కలోకి వస్తుందో మీరే చెప్పండి. మందుబిళ్లల స్ట్రిప్పులో తరచూ ఉండే పీవీసీ ప్లాస్టిక్ కాలితే ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్ల వంటి విషాలు వస్తాయి. రోడ్డుపక్క మంటలో వేడి చాలదు, సగం కాలి సగం పొగ అవుతుంది. పిల్లలకు, ఉబ్బసం ఉన్నవారికి అదే ప్రమాదం.

పాత నల్లగొండ జిల్లాకు ఒక ప్రత్యేకత ఉంది. కృష్ణ ఒడ్డున సున్నపురాయి ఉండడం వల్ల వాడపల్లి, విష్ణుపురం, మేళ్లచెరువు, మట్టపల్లి, జాన్‌పహాడ్ ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. సిమెంటు బట్టీలో రాయి 1,400 డిగ్రీలు దాటి ఉడుకుతుంది. ఆ వేడిలో పొరల ప్లాస్టిక్‌ను బొగ్గుకు బదులుగా వాడవచ్చని ప్రభుత్వ నిబంధనలు అనుమతిస్తున్నాయి. ప్లాస్టిక్ పూర్తిగా మండిపోతుంది, అల్యూమినియం ఆక్సైడుగా మారి సిమెంటులోనే కలుస్తుంది, పారబోయాల్సిన బూడిద మిగలదు. దీన్ని కొందరు రీసైక్లింగ్ అంటున్నారు, నేను ఒప్పుకోను. ఒక చెట్టు నుంచి తీసిన మంచి పీచును ఒక్కసారి వాడి కాల్చేయడం రీసైక్లింగ్ ఎలా అవుతుంది? అయినా వీధిలో కాల్చడం కంటే, చెరువులో కలవడం కంటే అది వేయి రెట్లు మేలు.

జనవరిలో జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకు పోయినవారికి తెలుసు, హిందువులు, ముస్లింలు అని లేకుండా జనం ఎట్లా వస్తారో, కందూరు వంటలు ఎట్లా సాగుతాయో. జనం వెళ్లిపోయాక నేల కనిపించకుండా పడి ఉండే నీళ్ల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, వెండి ప్లేట్లు కూడా చూసే ఉంటారు. సిమెంటు బట్టీ ఆ పరిసరాల్లోనే ఉంది. అయినా ఒక కవరు దానంతట అది బట్టీకి నడిచిపోదు. ఎవరో ఏరాలి, తడి పొడి వేరుచేయాలి, ఆరబెట్టాలి, కట్టలు కట్టాలి, బండి కిరాయి కట్టాలి. 2019లో పల్లె ప్రగతి మొదలయ్యాక ఊరూరికీ ట్రాక్టరు వచ్చింది, చెత్త వేరుచేసే షెడ్డూ కట్టారు. నేను చూసిన కొన్ని ఊళ్లలో ట్రాక్టరు బాగానే తిరుగుతోంది. షెడ్డుకు మాత్రం తాళం.

మన చేతిలో ఉన్నది

ఇప్పుడు మీ ఇంటి సంగతి. కొనేవాడున్న వస్తువును కొనేవాడికి శుభ్రంగా చేర్చడం అన్నిటికంటే ముఖ్యం. పాల కవర్‌ను మూల పూర్తిగా తెంపకుండా, ముక్క వేలాడేలా కత్తిరించండి. ఆ చిన్న మూల ముక్కను ఎవరూ ఏరలేరు, కాలువలోకి పోయేది అదే. కవర్‌ను కడిగి ఆరేస్తే కిలో అయ్యేసరికి చెత్త ఏరే అమ్మకు నాలుగు రూపాయలు దక్కుతాయి. నీళ్ల సీసాలు, అట్టపెట్టెలు, రేకు డబ్బాలు తడి చెత్తలో కలపకండి. గరగరలాడే కవర్లను, జ్యూస్ డబ్బాలను, స్ట్రిప్పులను వేరే సంచిలో పొడిగా పెట్టి మున్సిపాలిటీ బండికి ఇవ్వండి. డబ్బా అయితే నాలుగు మూలల చెవులు లాగి, అణచి, లోపల తేమ లేకుండా చేసి ఇవ్వండి. అది చివరికి ఎక్కడ చేరుతుందో హామీ ఇవ్వలేను. ఆ సంచిని అంటుపెట్టకండి, అంతవరకు మన చేతిలో ఉంది.

మా వరండాలోని సంచుల్లో రెండు వందల డబ్బాలకు బడి పిల్లలు మట్టి నింపి వేప మొక్కలు పెట్టారు. మిగిలినవి నెల తర్వాత చెత్త బండికే ఇచ్చాను. మొక్కలు నేలలో నాటాక ఆ రెండు వందలూ మళ్లీ చెత్తే అయ్యాయి, దాచుకోవడం దేనికి.

కొనకుండా ఉండడం అన్నిటికంటే తేలిక. మా చిన్నతనంలో మా అమ్మీ కిరాణా కొట్టు నుంచి తెచ్చినవన్నీ కాగితం పొట్లాలు, పురికొస దారం. ఆ దారాన్ని కూడా చుట్టి దాచేది. దావత్ అంటే మోదుగాకు విస్తరి. మన మెట్ట భూముల్లో మోదుగ చెట్టుకు కొరత లేదు. గోలీసోడా తాగితే సీసా అక్కడే ఇచ్చి రావాలి. పాతకాలమే మంచిదని నేననను, ఆ నీళ్లలో ఫ్లోరైడ్ తాగి మా తరంలో ఎందరి పళ్లు, మోకాళ్లు ఏమయ్యాయో నల్లగొండవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక్క సోడా సీసా కూడా రోడ్డు మీద పడి ఉండేది కాదన్నది మాత్రం నిజం. ఇప్పటికీ ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్‌ను చూడండి. డిపాజిట్ కట్టి తెచ్చుకుంటాం, ఖాళీ కాగానే తిరిగి ఇస్తాం. ఖాళీదానికి వెల ఉంది కాబట్టి ఎవరూ పారేయరు.

అందుకే సొసైటీ కార్యవర్గం ముందు ఒక మాట పెట్టాను. వచ్చే రంజాన్‌లో డబ్బాలు వద్దు, షర్బత్ మనమే చేద్దాం. బజారులో అడిగితే స్టీలు గ్లాసు నలభై రూపాయలన్నారు. నూరు గ్లాసులకు నాలుగు వేలు, ఒక్కసారి పెట్టే ఖర్చు, ఏళ్ల తరబడి ఉంటాయి. నిమ్మకాయలు, చక్కెర, సబ్జా గింజలు, నీళ్ల క్యాన్లు అన్నీ కలిపి రోజుకు మూడు వందలు వేసుకున్నా నెలకు తొమ్మిది వేలు. డబ్బాలకు అయినది 21,000. మొదటి ఏడాదే ఎనిమిది వేలు మిగులుతాయి. ఆ ఎనిమిది వేలతో సంవత్సరానికి సరిపడా నోటుబుక్కులు ఎందరు పిల్లలకు వస్తాయో లెక్క కట్టండి. నా లెక్కలో ఆ ఏడో తరగతి పిల్లవాడు మొదట ఉన్నాడు. ఎండలో వట్టి చేతులతో చెత్త ఏరే వాళ్లమ్మకు ఒక జత గట్టి చేతి తొడుగులు కూడా అందులోనే వస్తాయి.

కార్యవర్గంలో ఒకరు సరైన ప్రశ్నే వేశారు. సీలు వేసిన డబ్బా శుభ్రం, బకెట్లో కలిపిన షర్బత్ తాగి ఎవరికైనా కడుపు నొస్తే ఎవరిది బాధ్యత? నిజమే. కాబట్టి మూత ఉన్న, కొళాయి ఉన్న స్టీలు డ్రమ్ము కావాలి. మంచినీళ్ల క్యానే వాడాలి, ఐసు బయట నుంచి తేకూడదు. గ్లాసులు సబ్బుతో కడిగి వేడినీళ్లలో తీసి బోర్లించాలి. మూడు నియమాలు రాసి గోడకు అంటించే పని నాకు అప్పగించారు.

తల్లిగారి పేరు మీద డబ్బాలు ఇప్పించిన దాత ఇంటికి నేనే వెళ్లాను. ఎలా చెప్పాలో తెలియక అరగంట వేరే మాటలు మాట్లాడాను. ఆయన ఇచ్చింది ప్రేమతో ఇచ్చింది, దాన్ని చెత్త అనడానికి నోరు రాదు. చివరికి మూడు సంచుల కథ మొత్తం చెప్పేశాను. ఆయన కాసేపు ఊరుకుని, "మా అమ్మీ ఇంట్లో ఎండాకాలం అంతా రంజన్ నిండా సబ్జా షర్బత్ పెట్టి, గేటు ముందు పోయేవాళ్లను పిలిచి ఇచ్చేది మాస్టర్ సాబ్. నాకే గుర్తు రాలేదు" అన్నారు. డ్రమ్ము తనే కొనిస్తానన్నారు. గ్లాసులకు ఇంకో ఇద్దరు ముందుకు వచ్చారు.

గ్లాసులు కడగడానికి మాత్రం రోజుకు ఇద్దరు మనుషులు తక్కువ పడుతున్నారు. మగ్రిబ్ తర్వాత ఇరవై నిమిషాల పని. పేర్లు ఇచ్చేవారు షాబాన్ నెలాఖరులోగా కార్యాలయంలో రాయించగలరు. వారానికి ఒక రోజు వచ్చినా చాలు, జుమా రోజు నా పేరు ఇప్పటికే రాసేశాను.